పాఠం 12: ప్రత్యక్ష ప్రసారంలో కెమెరా ధ్వని

12.1 ఉపోద్ఘాతం

క్రిందటి పాఠంలో మీరు రెండు మూడు కెమెరాలను ఒక లాప్‌టాప్‌కు కలిపి, వీడియో మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ సహాయంతో ఒక బొమ్మ నుండి మరొక బొమ్మకు మారడం నేర్చుకున్నారు. బొమ్మ సంగతి తెలిసింది. మరి మాట సంగతి?

2020 మే నెలలో పెళ్ళికి 50 మందికి మించి అతిథులు ఉండరాదని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టింది. రాలేకపోయిన బంధువులు ఫోనులోనే పెళ్ళి చూశారు. అంతకు ముందు అక్కడక్కడ మాత్రమే ఉన్న ఈ పద్ధతి అప్పుడు ఊరూరా పాకింది. నిబంధనలు పోయాయి గానీ అలవాటు పోలేదు. పరదేశంలో ఉన్న అన్నయ్య కోసం, ప్రయాణం చేయలేని అమ్మమ్మ కోసం నేటికీ ప్రసారం అడుగుతూనే ఉన్నారు. మీలో కొందరు ఈ పనినే జీవనోపాధిగా ఎంచుకోవాలనుకుంటున్నారు కనుక ఈ పాఠాన్ని శ్రద్ధగా చదవండి.

మా బంధువుల ఇంట 2021లో ఒక పెళ్ళి జరిగింది. మేము వెళ్ళలేకపోయాం. ఫోనును బల్ల మీద నిలబెట్టి మా అమ్మ దాని ముందు కూర్చుంది. సన్నాయి వినిపిస్తోంది. పురోహితుడి పెదవులు కదులుతున్నాయి. మంత్రం మాత్రం లేదు. “ఏమిట్రా, సన్నాయి వస్తోంది గానీ పంతులుగారి మాట రాదేం?” అంది. సరిచూద్దామని ఇయర్‌ఫోను పెట్టుకున్నాను. మంత్రం స్పష్టంగా వినిపించింది! ఇయర్‌ఫోను తీసేశాను. మళ్ళీ లేదు. ఈ తికమకలో ఉండగానే మాంగళ్యధారణ అయిపోయింది. ఫోను పాడైందా? నెట్ సరిగా లేదా? రెండూ కావు. కారణం 12.4లో మీకే తెలుస్తుంది. అంతవరకు ఆలోచిస్తూ చదవండి.

ఈ పాఠం పూర్తయ్యేసరికి మీరు కెమెరా ధ్వని ఏ దారిన లాప్‌టాప్‌కు చేరుతుందో చెప్పగలుగుతారు. బొమ్మ మారినా ధ్వని మారకుండా చూడగలుగుతారు. మైక్‌సెట్ మిక్సరు నుండి కెమెరాకు సరైన కేబుల్ వేయగలుగుతారు. పెదవుల కదలికకూ మాటకూ మధ్య ఉన్న తేడాను కొలిచి సరిచేయగలుగుతారు.

12.2 ధ్వని వచ్చే దారి

కెమెరా మైకు పట్టిన ధ్వని కెమెరా లోపలే అంకెల రూపంలోకి మారి, బొమ్మతో పాటు ఒకే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో ప్రయాణిస్తుంది. క్యాప్చర్ కార్డు దాన్ని అందుకుని యూఎస్‌బీ ద్వారా లాప్‌టాప్‌కు ఇస్తుంది. ఇక్కడ ఒక విషయం గమనించండి. కార్డు ఒక్కటే అయినా, లాప్‌టాప్‌కు అది రెండు పరికరాలుగా కనిపిస్తుంది. ఒకటి బొమ్మ ఇచ్చేది, రెండవది ధ్వని ఇచ్చేది. “బొమ్మ వచ్చింది సార్, ధ్వని రాలేదు” అని అభ్యాసకులు మొదటి రోజున చెప్పే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. బొమ్మను ఎంచుకుని ధ్వని పరికరాన్ని ఎంచుకోవడం మరచిపోతారు. ఓబీఎస్ స్టూడియోలో క్యాప్చర్ పరికరం లక్షణాలను తెరిస్తే, ధ్వని కోసం వేరే పరికరాన్ని ఎంచుకునే అవకాశం అడుగుభాగంలో ఉంటుంది.

ఇంకొక చిన్న విషయం. హెచ్‌డీఎంఐలో వచ్చే ధ్వని సాధారణంగా సెకనుకు 48,000 నమూనాలతో ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ, లాప్‌టాప్ ధ్వని అమరికలోనూ అదే అంకె ఉంచండి. ఒకచోట 44,100, మరొకచోట 48,000 ఉంటే కొన్ని యంత్రాలలో చిటపటలు వినిపిస్తాయి.

12.3 బొమ్మలు మారతాయి, ధ్వని మారరాదు

మండపంలో మూడు కెమెరాలు ఉన్నాయనుకుందాం. ఒకటి వేదిక దగ్గర, ఒకటి ఇరవై మీటర్ల వెనుక, మూడవది బంధువుల మధ్య తిరిగే మనిషి చేతిలో. ప్రతి కెమెరాకూ మైకు ఉంది. ఒక్కొక్కటి ఒక్కొక్క ధ్వని వింటుంది. వేదిక దగ్గరది మంత్రం వింటుంది. వెనుక ఉన్నది ఫ్యాన్ల హోరు, పిల్లల గోల, గోడ అవతలి జనరేటరు వింటుంది. తిరిగే కెమెరా “ఆంటీ, ఇటు చూడండి” అన్న తన మనిషి గొంతునే ఎక్కువగా వింటుంది.

మీరు బొమ్మ మార్చినప్పుడు ధ్వని కూడా దానితో పాటు మారితే ఏమవుతుంది? చూసేవాళ్ళకు ప్రతి కొన్ని సెకన్లకూ ఒక గదిలో నుండి మరొక గదిలోకి తోసినట్లు ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇలా చేయగలదని మరువకండి. వీమిక్స్‌లో ప్రతి ఇన్‌పుట్‌కూ ధ్వనిని దానంతటదే కలిపే అమరిక ఒకటి ఉంది. అది పనిచేస్తూ ఉంటే, తెర మీదికి వచ్చిన కెమెరా ధ్వని కూడా తెరుచుకుంటుంది. ఓబీఎస్‌లో ఒక దృశ్యంలో పెట్టిన కెమెరా ధ్వని ఆ దృశ్యం నడుస్తున్నంతసేపే వినిపిస్తుంది, దృశ్యం మారగానే ఆగిపోతుంది.

కనుక మొదట చేయవలసిన పని ఒక ప్రధాన ధ్వనిని నిర్ణయించుకోవడం. అది మైక్‌సెట్ మిక్సరు నుండి వచ్చేది కావచ్చు, పురోహితుడి అంగవస్త్రానికి తగిలించిన కాలర్ మైకు కావచ్చు. ప్రసారం మొదలైనప్పటి నుండి ముగిసేదాకా అది తెరిచే ఉండాలి. మిగిలిన కెమెరాలన్నిటి ధ్వనినీ మ్యూట్ చేయండి. ఓబీఎస్‌లో ప్రధాన ధ్వనిని ఏ దృశ్యానికీ కట్టివేయకుండా, సెట్టింగులలోని ఆడియో విభాగంలో మైకు స్థానంలో ఎంచుకుంటే అది అన్ని దృశ్యాలలోనూ వినిపిస్తుంది. వీమిక్స్‌లో కెమెరాలన్నిటికీ పైన చెప్పిన అమరికను తీసేసి, ప్రధాన ధ్వనిని చేతితో తెరిచి ఉంచాలి.

అన్నీ మ్యూట్ చేయమన్నాను గానీ, ఒక్కదానికి మినహాయింపు ఉంది. మిక్సరు నుండి వచ్చే ధ్వనిలో మైకు ముందు పలికినదే ఉంటుంది. డోలు సహజంగానే పెద్దగా మోగుతుంది కనుక మైక్‌సెట్ వాళ్ళు చాలాసార్లు దానికి మైకు పెట్టరు. మండపంలో చెవులు దిమ్మెక్కేలా గట్టిమేళం మోగుతుంటే ఫోనులో చూసేవాళ్ళకు ఎక్కడో పక్క వీధిలో మోగినట్లు వినిపిస్తుంది. అక్షతలు వేసేటప్పటి జనం సందడి అసలే ఉండదు. అటువంటి ప్రసారం శుభ్రంగా ఉంటుంది గానీ పెళ్ళిలా ఉండదు. అందుకని వెనుక కెమెరా ధ్వనిని బాగా తగ్గించి, ప్రధాన ధ్వని కన్నా 15 నుండి 20 డెసిబెళ్ళు తక్కువగా, దాని కింద కలపండి. ఎక్కువ పెడితే ప్రమాదం ఉంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. 20 మీటర్ల దూరం రావడానికి దానికి 58 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒకే మాట రెండుసార్లు చేరుతుంది. తక్కువ స్థాయిలో అది మండపం విశాలంగా ఉన్నట్లు అనిపిస్తుంది, ఎక్కువ స్థాయిలో బావిలో నుండి మాట్లాడినట్లు ఉంటుంది.

పాఠంలోని ప్రశ్న 1: మీరు బొమ్మ మార్చిన ప్రతిసారీ మంత్రం ఆగి, తిరిగి మొదటి కెమెరాకు వస్తే వినిపిస్తోంది. ఎక్కడ పొరపాటు జరిగింది?

12.4 మిక్సరు నుండి కెమెరాకు

మిక్సరు ధ్వనిని నేరుగా లాప్‌టాప్‌కు ఇవ్వవచ్చు, లేదా ప్రధాన కెమెరాకు ఇచ్చి అక్కడి నుండి బొమ్మతో పాటు రప్పించవచ్చు. నా సలహా రెండవదే. ధ్వని, బొమ్మ ఒకే కేబుల్‌లో కలిసి వస్తే వాటి మధ్య తేడా పెద్దగా ఉండదు. పైగా నెట్ పోయినా కెమెరా కార్డులో మంచి ధ్వని మిగిలి ఉంటుంది. అయితే ఈ పద్ధతిలో కేబుల్ తప్పుగా వేస్తే పెళ్ళంతా చెడుతుంది.

మొదటి చిక్కు స్థాయి. మైకు ఇచ్చే విద్యుత్తు కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. మిక్సరు లైన్ అవుట్‌లో వచ్చేది సుమారు 1.2 వోల్టులు, అంటే వందల రెట్లు ఎక్కువ. చిన్న కెమెరాలలో ఉండే 3.5 మిల్లీమీటర్ల మైకు రంధ్రంలోకి లైన్ ధ్వనిని నేరుగా పంపితే చిరిగిన స్పీకరులా వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎంత తగ్గించినా బాగుపడదు, ఎందుకంటే అది అప్పటికే చిరిగిపోయి వచ్చింది. మధ్యలో స్థాయిని తగ్గించే అటెన్యుయేటర్ కేబుల్ వాడాలి. ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలున్న పెద్ద కెమెరాలకు మైకు, లైన్ అని మారే స్విచ్ ఉంటుంది. దాన్ని లైన్‌కు పెడితే చాలు. అదే స్విచ్‌లో 48 వోల్టుల స్థానం కూడా ఉండవచ్చు. అది కొన్ని రకాల మైకులకు కెమెరా నుండి విద్యుత్తు పంపడానికి. మిక్సరు కలిపినప్పుడు దాని జోలికి వెళ్ళకండి.

రెండవ చిక్కు కంటికి కనిపించనిది. మా అమ్మ మంత్రం వినలేకపోయింది దీనివల్లే. పెద్ద మిక్సర్లు ధ్వనిని బ్యాలెన్స్‌డ్ పద్ధతిలో ఇస్తాయి. అంటే ఒకే ధ్వనిని రెండు తీగలలో పంపుతాయి. ఒకదానిలో అల పైకి లేచినప్పుడు రెండవదానిలో కిందికి దిగుతుంది. దూరం వెళ్ళే కేబుల్‌లో చేరే రొదను తీసివేయడానికి ఈ ఏర్పాటు. దీన్ని కెమెరాలోని స్టీరియో రంధ్రంలోకి మామూలు కేబుల్‌తో కలిపితే కెమెరా ఏమనుకుంటుంది? మొదటి తీగ ఎడమ చెవిది, రెండవది కుడి చెవిది అనుకుంటుంది. ఇయర్‌ఫోనులో ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి వేరువేరుగా చేరతాయి కనుక మాట వినిపిస్తుంది. ఒకే స్పీకరు ఉన్న ఫోను మాత్రం రెండిటినీ కలుపుతుంది. పైకి లేచే అల, కిందికి దిగే అల కలిస్తే మిగిలేది సున్న. మంత్రం మాయమవుతుంది. సన్నాయి వెనుక కెమెరా మైకులో నుండి వచ్చింది కాబట్టి అది మాత్రం మిగిలింది.

ఆ రోజు లాప్‌టాప్ దగ్గర కూర్చున్న అతను హెడ్‌ఫోను పెట్టుకుని జాగ్రత్తగా వింటూనే ఉండి ఉంటాడు. అతనికి అంతా బాగానే వినిపించి ఉంటుంది. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రావడం లేదు. ఎవరూ చెప్పకపోతే ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

పరీక్ష సులభం. ఓబీఎస్‌లో ధ్వని అదనపు లక్షణాలలో ‘మోనో’ అనే గడి ఉంది. మిక్సరు ధ్వని వస్తుండగా దాన్ని టిక్ చేసి వినండి. మాట సన్నబడినా, పోయినా మీ కేబుల్ తప్పు. బ్యాలెన్స్‌డ్ ధ్వనిని మామూలు స్టీరియోకు మార్చే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె గానీ, ఒక తీగను మాత్రమే రెండు చెవులకూ ఇచ్చేలా అతికించిన కేబుల్ గానీ వాడండి. కేబుల్ అతికించేటప్పుడు వదిలేసిన రెండవ తీగను ఏమి చేయాలన్నది మిక్సరు రకాన్ని బట్టి ఉంటుంది కనుక, మీకు అలవాటు లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే మేలు.

ఆ పెట్టెతో మరొక లాభం ఉంది. మిక్సరు ఒక ప్లగ్గులో, లాప్‌టాప్ చార్జరు వేరొక ప్లగ్గులో ఉన్నప్పుడు ఒక్కోసారి ‘గుయ్’ మని ఆగని రొద వస్తుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుంది. ఆ 50, దాని రెట్టింపు 100, మీరు వినేవి. చార్జరు తీసి చూడండి. రొద ఆగితే కారణం దొరికినట్లే. రెండిటినీ ఒకే బోర్డు నుండి ఇవ్వడమో, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె వాడడమో చేయాలి. కొందరు ప్లగ్గులోని ఎర్తు పిన్నును విరిచేస్తారు. రొద పోతుంది. తడి నేల మీద నిలబడి మైకు పట్టుకున్న మనిషి ప్రాణమూ పోవచ్చు. ఎవరు చెప్పినా ఆ పని చేయకండి.

కృత్యం: మీకు దగ్గరలోని మైక్‌సెట్ దుకాణానికి వెళ్ళి, మిక్సరు వెనుక భాగం చూపించమని అడగండి. మెయిన్ అవుట్, ఆక్స్, రికార్డింగ్ అవుట్ ఎక్కడున్నాయో బొమ్మ గీసుకోండి. హాలులో శబ్దం పెంచినప్పుడు వీటిలో ఏది పెరుగుతుంది, ఏది పెరగదు అని దుకాణం వాళ్ళను అడిగి రాసుకోండి. హాలు ఫేడరుతో సంబంధం లేనిది ప్రసారానికి మేలు. అది సాధారణంగా ఆక్స్‌లో దొరుకుతుంది.

12.5 స్థాయి

కెమెరా కొన్నప్పుడు ధ్వని స్థాయి ఆటోలో ఉండడం మామూలు. పిల్లల పుట్టినరోజుకు అది చాలు. పెళ్ళికి పనికిరాదు. గట్టిమేళం మోగగానే కెమెరా బెదిరి స్థాయిని తగ్గిస్తుంది. మేళం ఆగిన తరువాత కొన్ని సెకన్లదాకా పురోహితుడి మాట గుసగుసలా ఉంటుంది. ఎవరూ మాట్లాడనప్పుడు స్థాయి తనంతట పెరిగి ఫ్యాను హోరును పట్టుకొస్తుంది. కెమెరా మెనూలో ఆటో తీసి మాన్యువల్ పెట్టండి.

తరువాత దారి మొదటి నుండి చివరికి సరిచూడండి. ముందు మిక్సరు, ఆ పైన కెమెరా, ఆఖరున సాఫ్ట్‌వేర్. మీటరులో 0 అనేది పైకప్పు. అది దాటితే ధ్వని చిరుగుతుంది. మామూలు మాట మైనస్ 20కి, మైనస్ 10కి మధ్య ఆడేలా పెట్టుకోండి. మేళానికి పైన చోటు మిగులుతుంది. ఓబీఎస్ మీటరులో ఇది దాదాపు పసుపు భాగం. సాఫ్ట్‌వేర్‌లో లిమిటర్ అనే వడపోతను మైనస్ 3 దగ్గర పెడితే హఠాత్తుగా లేచే శబ్దాన్ని అది ఆపుతుంది. అయితే కెమెరాలోనే చిరిగిన ధ్వనిని లిమిటర్ కుట్టలేదు.

12.6 మాట ముందా, బొమ్మ ముందా?

చెరువు అవతలి గట్టున బండ మీద బట్ట బాదడం మీరు చూసే ఉంటారు. ముందు బట్ట బండను తాకడం కనిపిస్తుంది, తరువాత దెబ్బ వినిపిస్తుంది. ప్రకృతిలో బొమ్మ కన్నా ధ్వని వెనుకబడడం మనకు పుట్టుక నుండి అలవాటు. ముందు రావడం మాత్రం ఎన్నడూ చూడలేదు. అందుకే ధ్వని ముందుగా వస్తే త్వరగా పసిగడతాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి సిఫారసు ప్రకారం ధ్వని 45 మిల్లీసెకన్లు ముందు వచ్చినా, 125 మిల్లీసెకన్లు ఆలస్యమైనా చూసేవాళ్ళు గుర్తుపడతారు.

మిక్సరు ధ్వనిని నేరుగా లాప్‌టాప్‌కు ఇచ్చినప్పుడు జరిగేది సరిగ్గా ఆ మొదటి తప్పే. కెమెరా, క్యాప్చర్ కార్డు బొమ్మను సిద్ధం చేయడానికి కొంత సమయం తీసుకుంటాయి. ధ్వని వాటికోసం ఆగదు. దాన్ని మనమే ఆపాలి.

ఎంతసేపు? ఊహించవద్దు, కొలవండి. ఒకరిని కెమెరా ఎదుట, మిక్సరుకు కలిపిన మైకు దగ్గర నిలబెట్టి గట్టిగా చప్పట్లు కొట్టించండి. పది సెకన్లు లాప్‌టాప్‌లోనే రికార్డు చేయండి. ఆ ఫైలును ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఒక్కొక్క ఫ్రేమునూ జరిపి చూడండి. అరచేతులు కలిసిన ఫ్రేముకు ముందు ఎన్ని ఫ్రేముల దగ్గర ధ్వని అల లేచిందో లెక్కపెట్టండి. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కొక్కటి 40 మిల్లీసెకన్లు. ధ్వని మూడు ఫ్రేములు ముందుంటే 120 మిల్లీసెకన్లు. ఓబీఎస్‌లో ధ్వని అదనపు లక్షణాల పట్టికలో ‘సింక్ ఆఫ్‌సెట్’ దగ్గర 120 వేయండి. మళ్ళీ చప్పట్లు కొట్టించి చూడండి.

వేరువేరు రకాల కెమెరాలకు ఆలస్యం ఒకేలా ఉండదు. ప్రతి కెమెరాకూ ఈ పరీక్ష చేయండి. అన్నిటికన్నా వెనుకబడిన కెమెరాను కొలతగా పెట్టుకుని, తక్కిన కెమెరాల బొమ్మలకు వీడియో డిలే వడపోత ఇచ్చి, ధ్వనిని దానితో కలపాలి.

12.7 వింటూ ఉండడం

ధ్వనిని మీటరులో చూసి తృప్తిపడకండి. రొద కూడా మీటరును ఆడిస్తుంది. ముహూర్తానికి ముందు గంటసేపైనా హెడ్‌ఫోనులోనూ, ఒక మామూలు ఫోను స్పీకరులోనూ వినండి.

ప్రసారం ఎలా వస్తోందో చూద్దామని చాలామంది అదే లాప్‌టాప్‌లో యూట్యూబ్ తెరుస్తారు. అందులో వచ్చే ధ్వని కొన్ని సెకన్ల వెనుకటిది. సాఫ్ట్‌వేర్‌లో డెస్క్‌టాప్ ఆడియో తెరిచి ఉంటే ఆ పాత ధ్వని మళ్ళీ ప్రసారంలోకి దూరుతుంది, అది మళ్ళీ తిరిగి వస్తుంది. ఒకే మంత్రం నాలుగు గొంతులతో వినిపిస్తుంది. డెస్క్‌టాప్ ఆడియోను మ్యూట్ చేయండి. ప్రసారాన్ని వేరే ఫోనులో, వీలైతే వేరే ఊరిలో ఉన్న స్నేహితుడి చేత చూపించండి.

నెట్ బలహీనపడితే ఏది తగ్గించాలి? బొమ్మకు సెకనుకు 4,500 కిలోబిట్లు ఇస్తున్నారనుకోండి, ధ్వనికి 128 చాలు. అంటే దాదాపు ముప్పై అయిదోవంతు. బొమ్మ కాస్త మసకబారినా అమ్మమ్మ ఊరుకుంటుంది. బొమ్మను తగ్గించండి, ధ్వనిని ముట్టుకోకండి. మరొక మాట: విందు సమయంలో మైక్‌సెట్ వాళ్ళు వేసే సినిమా పాటలు హక్కులున్నవి. యూట్యూబ్ వాటిని గుర్తుపట్టి ప్రసారాన్నే ఆపవచ్చు. ఆ సమయంలో మిక్సరు ధ్వనిని తగ్గించడం మంచిది.

పాఠాంత ప్రశ్నలు

2. సెకనుకు 25 ఫ్రేముల రికార్డింగులో చప్పట్ల ధ్వని 4 ఫ్రేములు ముందుగా ఉంది. సింక్ ఆఫ్‌సెట్ ఎంత వేయాలి?

3. మీ హెడ్‌ఫోనులో ఉపన్యాసం చక్కగా ఉంది. ఫోనులో చూస్తున్న స్నేహితుడు “జనం చప్పట్లు తప్ప ఏమీ లేదు” అంటున్నాడు. మీరు మొదట ఏమి పరీక్షిస్తారు?

4. కెమెరా ధ్వని చిరిగి వస్తోంది. మీ సహాయకుడు సాఫ్ట్‌వేర్ ఫేడరును సగానికి దించాడు. అయినా చిరుగు పోలేదు. ఎందుకు?

జవాబులు

1. ప్రధాన ధ్వనిని మొదటి కెమెరా దృశ్యానికే కట్టివేశారు. ఓబీఎస్‌లో దాన్ని ఆడియో సెట్టింగులలో మైకు స్థానంలో ఎంచుకోవాలి. వీమిక్స్‌లో అయితే ధ్వనిని దానంతటదే కలిపే అమరికను తీసి, చేతితో తెరిచి ఉంచాలి.

2. 160 మిల్లీసెకన్లు.

3. ‘మోనో’ గడిని టిక్ చేసి వినాలి. మాట పోతే బ్యాలెన్స్‌డ్ ధ్వని స్టీరియో రంధ్రంలోకి వెళుతోందన్నమాట. కార్యక్రమం మధ్యలో కేబుల్ మార్చడానికి వీలు లేకపోతే, మిక్సరు ధ్వనిని మ్యూట్ చేసి, వేదిక దగ్గరి కెమెరా సొంత మైకును ప్రధాన ధ్వనిగా తెరవండి. అంత శుభ్రంగా ఉండదు, కానీ మాట వినిపిస్తుంది.

4. ధ్వని కెమెరా లోపలే పైకప్పును తాకింది. మిక్సరు అవుట్ తగ్గించడమో, కెమెరా రంధ్రాన్ని లైన్‌కు మార్చడమో, మధ్యలో అటెన్యుయేటర్ పెట్టడమో చేయాలి.